పర్ణమయీ జుహూ: ఆ "స" ఉందా, లేదా?

గౌతమీతీరం: ఒక వాక్యం రెండ్రోజులుగా నోట్లో ఆడుతోంది. "యస్య పర్ణమయీ జుహూర్భవతి న స పాపం శ్లోకం శృణోతి." తైత్తిరీయ సంహితలోదే. ఎవరి జుహువు, అంటే హోమంలో నెయ్యి వేసే కర్ర గరిటె, మోదుగతో చేసిందో వాడు చెడ్డ శ్లోకం వినడు అని. "న స పాపం" అనా, ఉత్త "న పాపం" అనా? పైగా అక్కడ శ్లోకం అంటే కీర్తేనా?

పాతపుస్తకం: "న స"యే. శబరభాష్యంలో, అంటే వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకు జైమిని రాసిన సూత్రాల మీద శబరస్వామి వ్యాఖ్యలో, అలాగే ఉంది, మీమాంస చదివినవాళ్ల నోట వినిపించే పాఠమూ ఇదే. "యస్య" అన్నాక "సః" రాకపోతే వాక్యం కుంటుతుంది.

కోనసీమవాసి: పాఠం తేల్చాల్సింది సంహిత దగ్గరండీ, భాష్యంలో ఉదాహరణ దగ్గర కాదు. 3.5.7లో "న పాపగ్ం శ్లోకగ్ం శృణోతి". "స" లేదు. వాక్యమేమీ కుంటదు, కర్త ఎవరో యస్యతోనే తెలుస్తోంది. దానికి కొంచెం ముందే "సౌమ్యా అస్యాహుతయో భవన్తి" (వాడి ఆహుతులు సోమానికి చెందినవవుతాయి) అని ఉంది చూడండి, అక్కడ "అస్య" పెట్టారు. సర్వనామం కావాలనుకున్నచోట బ్రాహ్మణం పెట్టుకుంది, వద్దనుకున్నచోట వదిలేసింది.

పాతపుస్తకం: శబరస్వామి వేరే వేదశాఖ పాఠం చూసి ఉండవచ్చుగా?

కోనసీమవాసి: ఏ శాఖో చూపించండి, ఒప్పుకుంటాను.

మోదుగపూలు: "స" సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. నాకు శ్లోకమే ముఖ్యం. అక్కడి కథ గుర్తు చేసుకోండి. గాయత్రి సోమాన్ని తెస్తుంటే తెగిపడిన ఆకే మోదుగ అయింది. దేవతలు బ్రహ్మం గురించి మాట్లాడుకుంటుంటే ఆ చెట్టు విన్నది, "ఉపాశృణోత్". అందుకే "సుశ్రవా వై నామ", బాగా విన్నది అని దానికి పేరు. అంత మంచి మాట విన్న చెట్టుతో జుహువు చేయించుకున్నవాడి చెవిన చెడ్డ మాట పడదు. పట్టంతా చెవి మీదే ఉంది. కీర్తి అని అర్థం చెబితే ఈ అందం పోతుంది.

పాతపుస్తకం: పోదు. అపకీర్తి కూడా చెవినే పడుతుంది. నలుడు పుణ్యశ్లోకుడు, హరి ఉత్తమశ్లోకుడు, రెండుచోట్లా శ్లోకమంటే కీర్తే. పోతన పద్యంలో ఉత్తమశ్లోకుడన్న మాట వచ్చినప్పుడు చెవికి ఎంత హాయిగా ఉంటుందో! సంస్కృత సమాసాన్ని తెలుగు పద్యంలో అంత నెమ్మదిగా కూర్చోబెట్టడం ఆయనకే చెల్లింది. నలుడి కథ చెప్పిన శ్రీనాథుడికి కూడా ఆ మెత్తదనం లేదు.

గౌతమీతీరం: శ్రీనాథుడికి మెత్తదనంతో పనేముందండీ, ఆయన నడకే వేరు.

మోదుగపూలు: పోతన మీద నాకూ అంతే ప్రేమ. కానీ వేదంలో మాటకు పోతన సాక్ష్యం సరిపోదు. సోమం దంచే రాళ్ల సూక్తం, ఋగ్వేదం 10.94, మొదటి మంత్రం చూడండి. "శ్లోకం ఘోషం" పక్కపక్కనే ఉన్నాయి. రాళ్లకు కీర్తి ఏమిటి? అది చప్పుడు.

పాతపుస్తకం: ఏ అర్థం చెప్పినా ఆ ఫలం అర్థవాదమే, అంటే విధిని మెచ్చుకునే మాటే. జైమిని 4.3.1, "ద్రవ్యసంస్కారకర్మసు". విధి జుహువుకు మోదుగ కర్ర కావాలంటుంది, అంతే.

కోనసీమవాసి: అర్థవాదమని పక్కన పెడితే ఆ చెట్టే ఎందుకో ఎప్పటికీ తెలియదు. ఆపస్తంబుడు తన శ్రౌతసూత్రంలో యజ్ఞపు గరిటెల సంగతి ఒక్క సూత్రంలో చెప్పేశాడు: స్రువానికి చండ్ర, జుహువుకు మోదుగ, ఉపభృత్తుకు రావి, ధ్రువకు వికంకతం. కాత్యాయనుడు కొలతలు కూడా ఇచ్చాడు. స్రుక్కు (జుహువులాంటి పెద్ద గరిటె) చేయంత పొడవు, గిన్నె అరచేయంత, మూతి హంసముక్కులా ఉండాలి. గిన్నె తొలిచేది బెరడు వైపు, పిడి వేరు వైపు. చెట్టు ఎటు పెరిగిందో పాత్రలోనూ అటే నిలవాలన్నమాట. ఇంత జాగ్రత్త ఉన్నచోట కథ ఉత్త పొగడ్త అనుకోలేను.

గౌతమీతీరం: అలాగైతే స్ఫ్యం? అది కూడా చండ్రకర్ర కత్తేగా. వృత్రుడి మీద విసిరిన వజ్రం మూడు ముక్కలై స్ఫ్యం, రథం, యూపం (యజ్ఞపశువును కట్టే స్తంభం) అయిందని తైత్తిరీయ సంహిత 6.1.3లో ఉంది. ఆ కథతో చండ్రకు లంకె ఎక్కడ?

మోదుగపూలు: మూడు కాదు, నాలుగు. శతపథబ్రాహ్మణంలో శరం, అంటే బాణం కూడా ఉంది.

కోనసీమవాసి: మనది తైత్తిరీయమండీ. అందులో మూడే. ఇక్కడ శరమంటే రెల్లు, అది పుట్టింది లోపలినుంచి రాలిన ముక్కలతో, దాన్ని వాటాల్లో కలపకూడదు.