బే అంటే 'బిఫోర్ ఎనీవన్ ఎల్స్' కాదండీ

ఇంగ్లీషులో ప్రేమించినవాళ్ళని ముద్దుగా పిలిచే బే (bae) అనే మాట గురించి ఈ గ్రూపులో ఇద్దరు ముగ్గురు రాశారు కదా, అది బిఫోర్ ఎనీవన్ ఎల్స్, అందరికంటే ముందు నువ్వే అన్నదానికి షార్ట్‌కట్ అని. వినడానికి ముచ్చటగానే ఉంది గానీ అది మాట పాపులర్ అయ్యాక ఎవరో అతికించింది. న్యూస్ అంటే నార్త్ ఈస్ట్ వెస్ట్ సౌత్ అని స్కూల్లో చెప్పేవాళ్ళు గుర్తుందా, ఇదీ ఆ బాపతే. ఇంగ్లీషులో రాడార్ లాంటి కొన్ని మాటలు నిజంగానే పొడి అక్షరాలతో పుట్టాయి, అది 1940లో అమెరికా నేవీ వాళ్ళు పెట్టిన పేరు, కానీ ముద్దు పేర్లు అలా కమిటీ కూర్చుని పెట్టేవి కావు కదండీ, నోట్లో నలిగి నలిగి తయారవుతాయి.

ఇదీ అంతే. బేబ్ అనే మాటలో చివరి బ జారిపోయి బే మిగిలింది. ఇది నల్లజాతి అమెరికన్లు ఇళ్ళల్లో, వీధుల్లో మాట్లాడుకునే ఇంగ్లీషు, 2000ల మధ్యకల్లా ర్యాప్ పాటల్లో వినిపించింది, ఆ తర్వాత ట్విట్టర్ ఎక్కి, 2014లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్ళ వర్డ్ ఆఫ్ ది ఇయర్ ఫైనల్ లిస్టు దాకా వెళ్ళింది (గెలిచింది మాత్రం వేప్, అంటే ఈ-సిగరెట్ పీల్చడం). నాకు బాధేంటంటే అందరూ దీన్ని ఇంటర్నెట్ మాట, టీనేజర్ల మాట అనేస్తారు, పుట్టించినవాళ్ళ పేరే ఎత్తరు. దయచేసి ఈ గ్రూపులో అయినా ఆ పేరు చెప్పి రాద్దాం.

బేబ్ అంటే మొదట చంటిపిల్లే, 14వ శతాబ్దం నాటికే ఉన్న మాట, పిల్లలు బబ్బబ్బ అనే ముద్దుపలుకుల్లోంచి వచ్చిందంటారు. ప్రేమించినవాళ్ళని అలా పిలవడం చాలా తర్వాత. మనమూ బుజ్జీ, కన్నా, బంగారం అని ఉయ్యాల్లో పిల్లనీ పిలుస్తాం, కట్టుకున్నవాళ్ళనీ పిలుస్తాం, అందుకే ఈ దారి మనకి వింతగా అనిపించదు.

డేనిష్‌లో ఇలాగే వినిపించే మాటకి పిల్లల భాషలో మలం అని అర్థం, దాని మీద నెట్లో తిరిగే మీమ్ నిజమే, కానీ ఈ రెండు మాటలకీ చుట్టరికం ఏమీ లేదు.

ఇక హైదరాబాద్ "ఏం బే", "క్యా బే" లో ఉన్నదీ ఈ బే యేనా అని అడిగిన తమ్ముడికి, అది హిందీ ఉర్దూల "అబే", మన ఒరే లాంటి పిలుపు. దోస్తుల మధ్య చనువు, కొత్తవాళ్ళని అంటే గొడవే. దానికీ అమెరికా బే కీ సౌండ్ తప్ప ఇంకేం కలవదు.