మందుల్లేకుండానే హెచ్‌ఐవీ అదుపులో: ఇది సీడీ8 కణాల పనేనా?

సుధ_మైక్రో:
హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో నూటికి ఒకరికన్నా తక్కువ మంది ఏ మందూ వేసుకోకపోయినా ఏళ్ల తరబడి బాగానే ఉంటారు. వాళ్ల వైరల్ లోడ్ మిల్లీలీటరు రక్తానికి 50 కాపీలు దాటదు. వీళ్లను ఎలైట్ కంట్రోలర్లు అంటారు. "ఇమ్యూనిటీ బలంగా ఉంది కాబట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. బలం ఎంత అన్నది కాదు, సీడీ8 టీ కణాలు (వైరస్ సోకిన కణాల్ని వెతికి చంపే తెల్ల రక్తకణాలు) వైరస్‌ను ఏ భాగంలో పట్టుకుంటున్నాయన్నదే ముఖ్యమని నా వాదన. ఒప్పుకోనివాళ్లు కారణాలతో రండి.

వేణు_82:
సుధ గారూ, వాళ్లకు సోకిన వైరసే బలహీనమైనదై ఉండొచ్చు కదా? ఆస్ట్రేలియాలో ఒకే దాత రక్తం ఎక్కించుకున్న కొందరికి హెచ్‌ఐవీ సోకినా ఏళ్లపాటు జబ్బు ముదరలేదు. చూస్తే ఆ వైరస్‌లో నెఫ్ అనే జన్యువు కొంత ఊడిపోయి ఉంది. అక్కడ కణాల గొప్పేముంది?

సుధ_మైక్రో:
అది నిజమే. కానీ వాళ్లలోనూ కొందరికి తర్వాత సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) తగ్గాయి. పైగా ఎలైట్ కంట్రోలర్ల నుంచి తీసిన వైరస్ ల్యాబ్‌లో మామూలుగా పెరిగిన సందర్భాలున్నాయి. ఒక జంటలో ఇద్దరిదీ ఒకే వైరస్. ఒకరిలో అదుపులో ఉంది, ఇంకొకరిలో లేదు. వైరస్ బలహీనతే కారణమైతే ఇద్దరూ ఒకేలా ఉండాలి కదా.

2010లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనాన్నీ చూడండి. కంట్రోలర్లకూ మిగతావాళ్లకూ జన్యువులన్నీ పోల్చి వెతికితే, గట్టి తేడాలు 6వ క్రోమోజోమ్‌లో హెచ్‌ఎల్‌ఏ జన్యువులున్న చోటే తేలాయి. అందులోనూ హెచ్‌ఎల్‌ఏ-బి ప్రొటీన్‌లోని గాడి దగ్గర. సోకిన కణం వైరస్ ముక్కను సీడీ8 కణానికి చూపించేది ఆ గాడిలో పెట్టే.

నీలిమ_కె:
హెచ్‌ఎల్‌ఏ-బిలో కంట్రోలర్లలో ఎక్కువగా కనబడే బి57 రకం ఉన్నవాళ్లలో చాలామందికి వైరస్ అదుపులో ఉండదండి. అది లేని కంట్రోలర్లూ ఉన్నారు. జన్యువు ఒక్కటీ చూసి తీర్పు చెప్పలేం.

సుధ_మైక్రో:
చెప్పలేం, అందుకే కణాల పనితీరు చూడాలి. హెచ్‌ఐవీని గుర్తుపట్టే సీడీ8 కణాలు జబ్బు ముదిరేవాళ్లలోనూ బోలెడన్ని ఉంటాయి. కంట్రోలర్లలో అవి వైరస్ కనబడగానే వేగంగా విభజన చెందుతాయి, సోకిన కణాన్ని చంపే పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లను నింపుకుంటాయి. 2019లో వచ్చిన పరిశోధన ఇంకో మెట్టు ఎక్కింది. వైరస్ ప్రొటీన్ల నిర్మాణాన్ని బట్టి ఏ భాగం మారితే మొత్తం దెబ్బతింటుందో లెక్కగట్టారు. కంట్రోలర్ల సీడీ8 కణాలు ఎక్కువగా పట్టుకునేది సరిగ్గా ఆ భాగాల్నే. ఇంటికి కిటికీలు మార్చుకోవచ్చు గానీ దూలం తీసేస్తే కప్పు నిలవదు. వైరస్ అక్కడ మారి తప్పించుకున్నా బాగా పెరగలేదు.

వేణు_82:
మరి 2020 నాటి పరిశోధన మాటేమిటి? 64 మంది ఎలైట్ కంట్రోలర్లను పరీక్షిస్తే, చెక్కుచెదరని వైరస్ జన్యువులు, మందులు వాడేవాళ్లతో పోలిస్తే ఎక్కువగా, సోకిన కణం డీఎన్‌ఏలో పెద్దగా చలనం లేని ప్రాంతాల్లో చిక్కుకుని ఉన్నాయి. అక్కడి నుంచి వైరస్ తయారవడమే కష్టం. ఇది అదృష్టం కాదా?

సుధ_మైక్రో:
ఇంతవరకూ వచ్చిన అభ్యంతరాల్లో ఇదే బలమైంది. కానీ అదే బృందం కంట్రోలర్ల కణాలకు ల్యాబ్‌లో కొత్తగా వైరస్ సోకించి చూసింది. అప్పుడు వైరస్ ఆ నిశ్శబ్ద ప్రాంతాలకే పోలేదు. అంటే మొదట్లో అన్నిచోట్లా చేరింది. చురుకైన చోట ఉన్నవి బయటపడి ఏళ్ల తరబడి చచ్చిపోయాయి, కనబడనివి మిగిలాయి. చంపింది సీడీ8 కణాలేనా, ఎన్‌కే కణాల (సోకిన కణాల్ని చంపే మరో రకం రోగనిరోధక కణాలు) వాటా ఎంత అన్నది వాదించుకోవాల్సిందే.

ఆశ_2:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా బంధువుకు మందుల్లేకుండానే వైరల్ లోడ్ కనిపించడం లేదు. అయినా డాక్టర్ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) మొదలుపెట్టమన్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. అవసరమా?

నీలిమ_కె:
డాక్టర్ మాటే వినండి. కంట్రోలర్ల శరీరంలోనూ హెచ్‌ఐవీ లేనివాళ్లకన్నా ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువ ఉంటుంది. కొందరికి కొన్నాళ్లకు అదుపు తప్పుతుంది కూడా. సీడీ4 ఎంతున్నా హెచ్‌ఐవీ ఉన్న అందరికీ చికిత్స ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నుంచి చెబుతోంది. ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట: మందుల వల్ల వైరల్ లోడ్ కనిపించకపోవడం వేరు, ఇది వేరు. మందులు ఆపితే దాదాపు అందరిలో వైరస్ వారాల్లోనే తిరిగొస్తుంది. ఎవరూ సొంతంగా ఆపొద్దు.

వేణు_82:
మందులు ఆపినా అదుపులో ఉన్నవాళ్లూ ఉన్నారుగా. 2013లో ఫ్రాన్స్ పరిశోధకులు 14 మంది గురించి రాశారు. వాళ్ల సీడీ8 స్పందన బలహీనమే. మీ సిద్ధాంతం అక్కడ నిలవదు, సుధ గారూ.

సుధ_మైక్రో:
వాళ్లు ఇన్‌ఫెక్షన్ సోకిన తొలి వారాల్లోనే చికిత్స మొదలుపెట్టినవాళ్లు. దాగి ఉండే వైరస్ నిల్వ మొదట్లోనే చిన్నదైపోయింది. అది వేరే దారి. నేను మాట్లాడుతున్నది మందే తాకనివాళ్ల గురించి.

వేణు_82:
సరే, ఇంకొకటి. హెచ్‌ఐవీకి దగ్గరిదైన ఎస్‌ఐవీ అనే వైరస్‌ను అదుపు చేసిన కోతుల్లో కూడా లింఫు గ్రంథుల్లోని ఫాలికిల్స్‌లో (యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు గుమిగూడే చోట్లు) వైరస్ పుడుతూనే ఉంది. సీడీ8 కణాలు అక్కడికి పెద్దగా వెళ్లవు. అంత గొప్ప కణాలే అయితే ఆ మూల ఎందుకు మిగిలింది?

సుధ_మైక్రో:
అవే కోతుల్లో సీడీ8 కణాల్ని తీసేస్తే వైరస్ ఫాలికిల్స్ బయట కూడా కనబడింది. అవి తిరిగొచ్చాక మళ్లీ లోపలికే పరిమితమైంది. బయట కాపలా కాస్తున్నది అవేననడానికి ఇంతకన్నా ఏం కావాలి? లోపలికి వాటిని పంపడం ఎలా అన్నదే ఇప్పుడు తేలాల్సింది. దాని మీద పనిచేసేవాళ్లు ఇక్కడుంటే రాయండి, ప్లీజ్.