స్మార్ట్ వీల్‌చైర్ ప్రాజెక్టులు: ముందు మోటారా, ముందు కొలతా?

కృష్ణలంక ఫిజియో
విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో స్మార్ట్ వీల్‌చైర్ తరచూ కనిపిస్తుంది. మాటతో నడిచేది, తల వంచితే తిరిగేది, ఫోన్ బ్లూటూత్‌తో కదిలేది. వైవా అయ్యాక చాలావరకు మూలన పడతాయి. కూర్చునే మనిషి కొలతలు లేని ప్రాజెక్టుకు, ఫిజియో గానీ ఆక్యుపేషనల్ థెరపిస్టు గానీ సంతకం పెట్టని ప్రాజెక్టుకు కాలేజీ ఒప్పుకోకూడదని నా వాదన. ముందు కొలత, మోటారు సంగతి తర్వాత చూద్దాం.

సీటు వెడల్పు తుంటి వెడల్పంతే ఉండాలి, మహా అయితే ఒక అంగుళం ఎక్కువ. లోతుకు పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి 3 నుంచి 6 సెంటీమీటర్లు తగ్గించాలి. ఫుట్‌రెస్టుకు మోకాలి మడత నుంచి మడమ అడుగు దాకా కొలవాలి, సీటు మీద వేసే దిండు ఎత్తు మర్చిపోకూడదు. 14 అంగుళాల తుంటి ఉన్న అమ్మాయిని 18 అంగుళాల సీటులో కూర్చోబెడితే ఒక పక్కకు ఒరుగుతుంది, వెన్ను వంకర తిరుగుతుంది. చక్రం అందుకోవడానికి చేతులు బయటికి చాపి చాపి భుజాలు పోతాయి. లోతు ఎక్కువైతే సీటు అంచు మోకాలి వెనక ఒత్తుకుంటుంది. అది తప్పించుకోవడానికి మనిషి ముందుకు జారి కూర్చుంటాడు, బరువంతా నడుము కింది ఎముక మీద పడి అక్కడ పుండు పడుతుంది. అదే కుర్చీకి మోటారు బిగిస్తే కూర్చునే గంటలు పెరుగుతాయి, పుండు ఇంకా త్వరగా వస్తుంది.

ఈసీఈ మాస్టారు, గుంటూరు
సంతకం నిబంధనకు నేను ఒప్పుకుంటాను మేడమ్. మోటారు తర్వాత చూద్దాం అనే మాటకు మాత్రం ఒప్పుకోను. మెడ దగ్గర సీ4 స్థాయిలో, అంటే పైనుంచి నాలుగో మెడ పూస దగ్గర, వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్న మనిషికి చేతులు పనిచేయవు. ఎంత కచ్చితంగా కొలిచి మామూలు కుర్చీ ఇచ్చినా ఎవరో ఒకరు తోయాల్సిందే. గడ్డంతో తిప్పే జాయ్‌స్టిక్, గొట్టంలో ఊది పీల్చి నడిపే స్విచ్ ఆయనకు ఆడంబరం కాదు, అవసరం. సీ5 అయితే మోచెయ్యి వంచగలరు కాబట్టి చేతి జాయ్‌స్టిక్ చాలు. సీ6 అయితే మణికట్టు పైకెత్తగలరు, చదునైన నేల మీద చక్రం పక్కనుండే రిమ్ము పట్టి తోసుకోగలరు. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టి ముందు కొలత, తర్వాత మోటారు అంటే ఎలా?

నమూనాలు మూలన పడటానికి అసలు కారణం విడిభాగాల ఎంపిక. మోటారుకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు ఒక్కో ఛానెల్‌కు 2 ఆంపియర్లు ఇస్తుంది. 24 వోల్టుల 250 వాట్ల మోటారు పూర్తి బరువు మీద 10 ఆంపియర్లకు పైనే లాగుతుంది, గడపకు తట్టి ఆగితే అంతకు కొన్ని రెట్లు. ఖాళీ కుర్చీ డెమోలో చక్కగా తిరుగుతుంది, 70 కిలోల మనిషి కూర్చుంటే బోర్డు వేడెక్కి చేతులెత్తేస్తుంది. కారు వైపర్ మోటారు వాడేవాళ్ళకు ఇంకో చిక్కు. అందులో ఉండేది వర్మ్ గేరు, మోటారు చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం మోటారును తిప్పలేదు. బ్యాటరీ అయిపోతే చక్రాలు బిగుసుకుని, వెనక నుంచి తోసినా కుర్చీ కదలదు. కంపెనీ కుర్చీల్లో మోటారు దగ్గర ఒక లివరు ఉంటుంది, అది తిప్పితే చక్రం విడివడి తోసుకెళ్ళొచ్చు. కరెంటు పోగానే దానంతట అదే పట్టేసే బ్రేకు కూడా ఉంటుంది. ఈ రెండూ లేని నమూనాలో మనిషిని కూర్చోబెట్టనివ్వకూడదు.

మాటతో ఆపడం ఇంకా ప్రమాదం. ఫోన్ మాటను గుర్తుపట్టి ఆదేశం పంపడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. గంటకు 4 కిలోమీటర్ల వేగంలో కుర్చీ ఈలోపు 1.1 మీటర్లు వెళ్ళిపోతుంది. బీసెంట్ రోడ్డు రద్దీలో, హారన్ల మధ్య అసలు వినపడుతుందో లేదో. ఆపే స్విచ్ చేతికో గడ్డానికో అందేలా విడిగా ఉండి తీరాలి.

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్
ఇద్దరూ రిపేరు సంగతి ఎత్తలేదండి. కుర్చీ మొదట పాడయ్యేది ముందువైపు ఉండే చిన్న చక్రాల దగ్గర. అవి గట్టి రబ్బరువి, సన్నవి. సిమెంటు రోడ్డు జాయింట్లలో, కాలవ మీది జాలీలో ఇరుక్కుని ఫోర్కు వంగుతుంది. తర్వాత సీటు గుడ్డ సాగుతుంది. ఊయలలాగా కుంగిన సీటులో తొడలు రెండూ లోపలికి ఒరుసుకుంటాయి. ఎంత బాగా కొలిచి ఇచ్చినా అప్పుడు ఆ కొలతకు అర్థం ఉండదు.

చాలా మడత కుర్చీల్లో వెనక ఇరుసు వీపు గొట్టానికి సూటిగా కింద ఉంటుంది, జరపడానికి వీలుండదు. బరువు చిన్న చక్రాల మీద ఎక్కువ పడి తోయడం కష్టమవుతుంది. 6 మిల్లీమీటర్ల ప్లేటు మీద అంగుళానికో బెజ్జం పెట్టి ఇరుసును ఒక బెజ్జం ముందుకు జరిపితే చాలా తేలికవుతుంది. వెనక్కి పడకుండా రెండు చిన్న గొట్టాలు మాత్రం తప్పనిసరి. రెండు కాళ్ళూ మోకాలి పైన తీసేసినవాళ్ళకు ఈ లెక్క తారుమారవుతుంది. ముందువైపు కాళ్ళ బరువు ఉండదు కాబట్టి ఇరుసు వెనక్కి జరపాలి, లేకపోతే చిన్న వాలు ఎక్కినా వెల్లకిలా పడతారు. ఇరుసు ఎత్తు మారిస్తే ముందు చక్రం ఫోర్కును పట్టి ఉంచే కడ్డీ నిట్టనిలువుగా ఉందో లేదో మళ్ళీ చూసుకోవాలి. వాలితే చక్రం వణుకుతుంది. ఫ్రేము గొట్టం పల్చగా ఉంటుంది, ఆర్క్ వెల్డింగ్ పెడితే చిల్లు పడుతుంది. లోపల స్లీవు దూర్చి అతకాలి.

కాలేజీలు చేయదగ్గ పని ఒకటుంది. వీల్‌చైర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7176 ఎనిమిదో భాగంలో మన్నిక పరీక్ష చెప్పారు. 12 మిల్లీమీటర్ల పట్టీలు ఉన్న రెండు డ్రమ్ముల మీద కుర్చీని 2,00,000 తిరుగుళ్ళు తిప్పాలి, తర్వాత 50 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి 6,666 సార్లు పడేయాలి. డ్రమ్ములు, మోటారు, లెక్కపెట్టే కౌంటరు. ఇది మెకానికల్ విద్యార్థులకు అందే పనే. మన రోడ్ల మీద ఏ కుర్చీ ఎక్కడ విరుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

సత్యనారాయణపురం చక్రం
వాడేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. 18 అంగుళాల సీటు కుర్చీ బయటి వెడల్పు 25, 26 అంగుళాలు ఉంటుంది. పాత ఇళ్ళలో బాత్రూం తలుపు 24 అంగుళాలే. మోటారు ఉన్నా లేకపోయినా అది లోపలికి వెళ్ళదు. వాన నీళ్ళు రాకుండా ఇంటి పీఠం రెండున్నర అడుగులు లేపితే, 1:12 వాలుకు, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్కన, 30 అడుగుల ర్యాంపు కావాలి. ఏ సందులో ఉంది అంత చోటు? గుణదల, చిట్టినగర్ కొండల మీద మెట్ల దారి ఇళ్ళకు అసలు ఏ కుర్చీ పైకి రాదు. అక్కడ పరిశోధించాల్సింది మెట్ల మీద ఇద్దరు మనిషిని భద్రంగా ఎలా మోయాలన్నది, ఇంట్లో నేల మీద జరిగే తక్కువ ఎత్తు బండి ఎలా ఉండాలన్నది.

1993లో అమెరికాలో 227 మందిని అడిగిన అధ్యయనంలో 29.3 శాతం సహాయక పరికరాలను పూర్తిగా వదిలేశారని తేలింది. వదిలేయడానికి కారణాల్లో ఒకటి, ఎంపికలో వాడేవాళ్ళ అభిప్రాయం లెక్కచేయకపోవడం. సులువుగా చేతికి రావడం ఇంకొకటి. క్యాంపులు పెట్టి కుర్చీలు పంచేవాళ్ళు ఈ రెండోదాని గురించి ఆలోచించాలి.

పరిశోధకుల నైపుణ్యం ఎలా ఉండాలో చూపించినవాళ్ళు ఉన్నారు. రాల్ఫ్ హాచ్‌కిస్ ఇంజనీరు, తనే వీల్‌చైర్ వాడే మనిషి. స్థానికంగా దొరికే సైకిల్ భాగాలతో, ముందు వెనక చక్రాల మధ్య దూరం పెంచి, గతుకుల దారికి కుర్చీలు రూపొందించారు. మద్రాస్ ఐఐటీలో సుజాతా శ్రీనివాసన్ గారి బృందం నుంచి 2020లో నియోఫ్లై అనే వీల్‌చైర్ వచ్చింది, మనిషికి తగ్గట్టు 18 రకాలుగా మార్చుకోవచ్చు. నియోబోల్ట్ అనే మోటారు బండి దాని ముందు విడిగా తగిలించుకునేది. ఇంట్లో తీసేస్తే కొలత కుర్చీ, రోడ్డు మీద తగిలిస్తే మోటారు కుర్చీ. ఫిజియో మేడమ్, మాస్టారు, మీ ఇద్దరి వాదనా అందులో కలుస్తోంది కదా?

ఈసీఈ మాస్టారు, గుంటూరు
చేతులు బాగున్నవాళ్ళకు కలుస్తుందండి. సీ4 మనిషికి కలవదు.

కృష్ణలంక ఫిజియో
సీ4 విషయంలో మాస్టారి మాట సరైనదే. కానీ ఆ మనిషే గంటలకొద్దీ కదలకుండా కూర్చునేది, దిండు అందరికంటే ఎక్కువ అవసరమైంది ఆయనకే. తాకిడి తెలియదు కాబట్టి పుండు పడుతున్నా నొప్పి రాదు. దిండు పరీక్షకు సెన్సర్లు అక్కర్లేదు. అరచేయి పైకి పెట్టి, కూర్చునే ఎముక కింద దిండుకూ మనిషికీ మధ్య వేళ్ళు దూర్చాలి. వేళ్ళ కొనలు 5 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడితే సరే. ఆడకుండా సులువుగా బయటికి జారితే ఒత్తిడి ఎక్కువ. గట్టిగా నొక్కుకుని లాగడమే కష్టమైతే ఆ దిండు మార్చాలి. బెజవాడ ఎండల్లో రెక్సిన్ తొడుగు కింద చెమట నిలిచి చర్మం నానుతుంది, నానిన చర్మం త్వరగా చిట్లుతుంది. గాలి ఆడే, సాగే గుడ్డ వేయండి. స్పాంజి ఎన్ని నెలలకు కుంగుతుందో ఈ వేడిలో కొలిచి చెప్పే ప్రాజెక్టు ఎవరైనా చేస్తే నేను మొదటి సంతకం పెడతాను.

బీటెక్ నాలుగో ఏడు
మేడమ్, సర్, మేం నలుగురం ఈసీఈ. డ్రమ్ము పరీక్ష మాకు కుదరదు. ఏం చేయమంటారు?

ఈసీఈ మాస్టారు, గుంటూరు
చేతి వణుకు ఉన్నవాళ్ళకు జాయ్‌స్టిక్ ఫిల్టరు చేయండి బాబూ. వణుకు ఎక్కువగా 4 నుంచి 12 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు) మధ్య ఉంటుంది, మనిషి కావాలని తిప్పే కదలిక చాలావరకు 2 హెర్ట్జ్ లోపు. వేగమైన కదలికలను ఆపి నెమ్మదైనవాటిని వదిలే లో-పాస్ ఫిల్టరు పెట్టగానే వణుకు తగ్గుతుంది గానీ ఆలస్యం వస్తుంది. అందుకే చెయ్యి వదలగానే స్టిక్ మధ్యకు వచ్చినప్పుడు ఫిల్టరును పక్కన పెట్టి వేగం వెంటనే తగ్గించాలి, వణుకులో మధ్య గీత దాటినప్పుడల్లా ఆగిపోకుండా కొద్ది మిల్లీసెకన్లు చూసి. ఆ కొద్ది ఎంత అన్నదే మీ ప్రాజెక్టు.

కృష్ణలంక ఫిజియో
ఫిల్టరుకు ముందు ముంజేయికి ఆధారం ఇవ్వండి. మోచెయ్యి సుమారు 90 డిగ్రీల్లో ఆనాలి, భుజం పైకి లేవకూడదు, నడుము పక్కకు వాలకూడదు. చెయ్యి గాలిలో ఉంటే వణుకు పెరుగుతుంది, మీరు కొలిచే సంకేతమే మారిపోతుంది. ఆధారం ఉన్నప్పుడు, లేనప్పుడు రెండు రికార్డులూ తీసి తీసుకురండి, సంతకం సంగతి అప్పుడు చూద్దాం.