ఎబోషీ విలనా కాదా? ప్రిన్సెస్ మొనోనొకె చూసినవాళ్ళు చెప్పండి

కొండగాలి:
నిన్న రాత్రి నాలుగోసారి చూశా. 1997లో వచ్చిన జపాన్ యానిమేషన్ డైరెక్టర్ మియాజాకీ సినిమా, రెండుంపావు గంటలు, ఒక్క నిమిషం కూడా కుర్చీలోంచి కదల్లేదు. కానీ నా మట్టుకు ఆ ఇనుము తీసే ఊరి పెద్ద ఎబోషీ విలనే. ఇనుము కోసం కొండలకి కొండలే బోడి చేయించింది, నాగో అనే పందిదేవుడి ఒంట్లోకి గుండు దింపింది, ఆ నొప్పికి వాడు దయ్యమైపోయి ఎక్కడో దూరాన ఉన్న ఎమిషి అనే తెగవాళ్ళ ఊరి మీద పడ్డాడు, ఊరిని కాపాడబోయిన హీరో అషిటాకా చేతికి శాపం అంటుకుంది. ఆ కుర్రాడు చేసిన పాపమేంటి? అయినా సగంమంది ఆవిడకి ఫ్యాన్సే.

సబ్‌టైటిల్_సుబ్బు:
బ్రో ఆ తోట వెనక గది సీన్ స్కిప్ చేశావా ఏంటి? ఒంటినిండా కట్లు కట్టుకున్న కుష్టు రోగులు కూర్చుని తుపాకులు చేస్తుంటారు, ఆడవాళ్ళు మోయగలిగేలా తేలిగ్గా చెయ్యమని ఎబోషీ అడుగుతుంది. అషిటాకా కుడిచెయ్యి దానంతటదే కత్తి మీదకి పోతుంటే ఎడమచేత్తో అదిమి పట్టుకుంటాడు. అప్పుడు మంచంలోంచి లేవలేని ఒక ముసలాయన బతిమాలతాడు, ఆవిడ్ని చంపకు బాబూ, మమ్మల్ని మనుషుల్లా చూసింది ఈవిడొక్కతే, కుళ్ళిన ఒళ్ళు కడిగి కట్టు కట్టింది అని. మియాజాకీ వాళ్ళ ఇంటికి దగ్గర్లో జెన్షోఎన్ అని కుష్టు రోగుల్ని ఉంచే చోటు ఉంది, అక్కడికి వెళ్ళొచ్చాకే వాళ్ళని కథలో పెట్టానని ఆయనే చెప్పాడు. జపాన్‌లో కుష్టు రోగుల్ని వేరుగా బంధించే చట్టం రద్దయింది 1996లో, అంటే సినిమాకి సరిగ్గా ఏడాది ముందు. ఆ గది ఊరికే పెట్టలేదు.

పాత_క్యాసెట్టు:
సుబ్బుగారూ ఆ గదిలో నాకూ కళ్ళు చెమర్చాయి, కాదనను. మరి ఆ తర్వాత సంగతో? అసానో అనే దొర పంపిన సమురాయ్‌లు ఊరిని చుట్టుముట్టారు, టోకీలాంటి ఆ ఊరి ఆడవాళ్ళంతా లోపల ఉన్నారు, వెనక్కి రా తల్లీ అని అషిటాకా పరిగెత్తుకొచ్చి మరీ చెప్తే, వాళ్ళకి నేర్పాల్సింది నేర్పా వాళ్ళే చూసుకుంటారు అన్నట్టు మాట్లాడి అడవి దేవుడు షిషిగామి తల కోసం పోతుంది. పందిదేవుళ్ళతో యుద్ధంలో సొంత ఊరి మగాళ్ళని ఎరగా పెట్టి మందుపాతరలు పేల్చేశారు, ఆవిడకి తెలియకుండా జరిగిందా అది? ఆ రోగుల్ని ప్రేమించిన మనిషేనా ఈవిడ?

కొండగాలి:
అదీ నేను చెప్పేది 👆

మల్లెతీగ:
మీరంతా ఆవిడ మంచిదా చెడ్డదా అని కొట్టుకుంటున్నారు గానీ, వేశ్యాగృహాల్లోంచి కొనుక్కొచ్చిన ఆ ఆడవాళ్ళ మాట అడిగారా? పెద్ద కొలిమి తిత్తుల మీద నిలబడి పాట పాడుకుంటూ తొక్కుతారే, నాలుగు పగళ్ళు అయిదు రాత్రులు ఆపకుండా తొక్కాలట, కష్టమే కదా అని అషిటాకా అడిగితే నవ్వేసి, ఇక్కడ కడుపునిండా తింటాం, మగాళ్ళు మా జోలికి రారు అంటారు. అడవి కావాలి అనేది కడుపు నిండినవాళ్ళ మాట అని నాకు ఆ సీన్‌లోనే అనిపించింది. అలాగని అడవి కోసం ఎబోషీతో పోరాడే సాన్‌ది తప్పూ కాదు, తోడేలు పెంచిన పిల్ల మరి. (డబ్బింగ్‌లో చూడకండి బాబూ, తిత్తుల పాట జపనీస్‌లోనే వినాలి.)

సబ్‌టైటిల్_సుబ్బు:
సరే పాత క్యాసెట్టుగారూ, ఊరిని వదిలి తల కోసం పోవడం మాత్రం నేను సమర్థించలేను. దానికి శిక్ష పడిందిగా, సాన్‌ని పెంచిన తోడేలు మోరో తెగిన తల వచ్చి చెయ్యి కొరికేసింది. చివర్లో మళ్ళీ మొదలెడదాం, ఈసారి మంచి ఊరు కడదాం అంటుంది. విలన్ అలా అంటుందా?

పాత_క్యాసెట్టు:
అంటుంది సరే. అడవి చచ్చాక ఆఖర్న కొండల మీద మళ్ళీ మొలిచింది గడ్డీ మొక్కలూను, ఇది షిషిగామి అడవి కాదని సాన్ మొహం మీదే చెప్పేసింది. ఇనప ఇసక కరగాలంటే గుట్టలకొద్దీ బొగ్గు కావాలి. రేపు కొలిమి వెలిగించే రోజున ఆ బొగ్గు కోసం ఏ చెట్టు కొడతారు?