ఏఏ మీటింగ్‌కి ఇంటివాళ్లు వెంట వెళ్లాలా, వద్దా?

గోదారిగట్టు: మా పిన్ని కొడుక్కి 38 ఏళ్లు. రోజూ హాఫ్ బాటిల్ తాగుతాడు. ఇప్పుడు మానేస్తానంటున్నాడు. ఊళ్లో తాగుడు మానాలనుకునేవాళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) గ్రూపు ఉంది, ఆదివారం మీటింగ్. పిన్ని కూడా లోపల కూర్చుంటానంటే వాళ్లు ఫోన్‌లో కుదరదన్నారు. ఇదేం పద్ధతి? అసలు ముందు ఆస్పత్రికి వెళ్లాలా?

మెట్లదారి: వాళ్లు చెప్పింది సరైనదే. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునే వాళ్లకే. ఓపెన్ మీటింగ్ రోజు ఎవరైనా కూర్చోవచ్చు, అది ఎప్పుడో అడిగి పిన్నిగారిని ఆ రోజు తీసుకెళ్లండి. ముందు రోజే ఫోన్ చేసి తెలుగులో నడుస్తుందా, గది ఎక్కడ అని కనుక్కోండి. ఈ గ్రూపులకి సొంత గదులు తక్కువ, స్కూల్లోనో చర్చిలోనో అద్దెకి కూర్చుంటారు, గది మారుతూ ఉంటుంది. చాలామంది గేటు దగ్గర చర్చి బోర్డు చూసి, మతం మార్చేస్తారేమోనని వెనక్కి తిరుగుతారు. గ్రూపులో ఒకరిని గేటు బయట నిలబడమని అడగండి, మామూలుగా వస్తారు. ఫీజు లేదు. చివర్లో చందా సంచి తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయక్కర్లేదు. మొదటి రోజు మాట్లాడకుండా వింటూ కూర్చున్నా సరిపోతుంది.

వార్డు సిస్టర్: రోజూ హాఫ్ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుందండీ. మీటింగ్ తర్వాత సంగతి, ముందు ఆస్పత్రి. ఆపిన ఆరేడు గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. 6 నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి స్థిమితం తప్పి, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తాయి. ఇంకొకటి, నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించకండి. బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఇస్తే మెదడు దెబ్బతినొచ్చు. కళ్లు స్థిరంగా నిలవవు, నడక తూలుతుంది. అది మత్తనుకుని వదిలేస్తారు.

మెట్లదారి: సిస్టర్ గారూ, తాగి వచ్చినా మీటింగ్‌లో కూర్చోనిస్తారు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఆస్పత్రి అయ్యాకే రమ్మంటే సగం మంది రారు.

వార్డు సిస్టర్: రావద్దనలేదు. ఫిట్స్ వస్తే ఆ గదిలో వాటిని ఆపే మందు లోరాజెపామ్ ఎవరిస్తారని అడుగుతున్నా.

తర్కం: ఏఏ వాళ్లు పాటించమనే 12 మెట్లలో ఆరింట ఏదో రూపంలో దేవుడున్నాడు. నమ్మకం లేనివాడు ఏం చేయాలి? స్మార్ట్ రికవరీ లాంటి దేవుడి ఊసు లేని గ్రూపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

మెట్లదారి: ఉన్నాయి, మంచివే. కానీ 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు, పదివేలకు పైగా మనుషుల లెక్కలు చూసి, పూర్తిగా మానేయడంలో ఏఏ దారి పట్టించే చికిత్స మిగతావాటికంటే మెరుగన్నారు. ఆ పనిచేసేది దేవుడో, పక్క కుర్చీలో మనిషో, మీరే తేల్చుకోండి.

వనజ_గుంటూరు: ఇంత చర్చ ఎందుకు? తాగుడు మాన్పించే మాత్ర పొడి చేసి పప్పులో కలిపి పెట్టమనండి.

వార్డు సిస్టర్: అమ్మా, ఆ పని చేయించకండి! ఆ మాత్ర, అంటే డైసల్ఫిరామ్, ఒంట్లో ఉండగా తాగితే పది నిమిషాల నుంచి అరగంటలో ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడు చచ్చిపోవచ్చు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్ చాలు. చెప్పకుండా పెడితే అతను జాగ్రత్త ఎలా పడతాడు?

వనజ_గుంటూరు: మీకు చెప్పడం తేలిక. మీటింగ్‌కని వెళ్లి బెల్టు షాపుకెళ్లినవాళ్లని చూశాం. ఆ గ్రూపు వాళ్లు వచ్చాడో లేదో కూడా చెప్పరు. పుస్తెలు కుదువ పెట్టిన ఆడదానికి ఆ మాత్రం తెలుసుకునే హక్కు లేదా?

మెట్లదారి: హాజరు పట్టీ ఉండదండి. ఇంటికి కబురు వెళ్తుందని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు. ఆ గది పనిచేసేదే ఆ గుట్టు మీద.

వనజ_గుంటూరు: వాడి గుట్టు సరే. మేం ఇంట్లో కూర్చుని ఎవరిని నమ్మాలి?

వార్డు సిస్టర్: వనజ గారు అడుగుతున్నది న్యాయమే, మెట్లదారి గారూ. మీరు దాటేస్తున్నారు. దీనికి పద్ధతుంది. లివర్, గుండె పరీక్షలయ్యాక, అతను ఒప్పుకుని, చివరిసారి తాగి కనీసం 12 గంటలయ్యాక డాక్టర్ డైసల్ఫిరామ్ మొదలుపెడతారు. రోజూ పొద్దున భార్యో తల్లో చూస్తుండగా మింగాలి. నీళ్లలో కలిపి తాగిస్తే బుగ్గలో దాచుకోవడం కుదరదు. ఇంటివాళ్లకి కావలసిన రుజువు అక్కడ దొరుకుతుంది, మీటింగ్‌లో వెతకొద్దు.

మెట్లదారి: దీనికి నేనూ ఒప్పుకుంటా. పిన్నిగారికి అల్-అనాన్ అని కుటుంబాల గ్రూపు వేరే ఉంది. భర్త, కొడుకు మానకపోయినా అక్కడికి వెళ్లవచ్చు.

వనజ_గుంటూరు: మాత్రకి వాడు ఒప్పుకోకపోతే?

వార్డు సిస్టర్: ఒప్పుకోకపోతే ఆ మాత్ర లేదు. కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ గురించి డాక్టర్‌ని అడగొచ్చు, దానికీ అతని ఒప్పుదలే కావాలి. మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఇంటివాళ్లే ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. గోదారిగట్టు గారూ, మీవాడు ఆఖరిసారి ఎప్పుడు తాగాడు? చేతులు వణుకుతున్నాయా?

గోదారిగట్టు: నిన్న రాత్రి. పొద్దుట్నుంచి గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు.

వార్డు సిస్టర్: ఆదివారం దాకా ఆగకండి. ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.