క్షమించాక కూడా డబ్బు అడగొచ్చా?

అందరికీ వందనాలు. మా సంఘంలోని ఒక బ్రదర్ చీటీ పాడుకుంటే నేను జామీను ఉన్నాను. ఆయన మధ్యలో కట్టడం మానేశాడు. ఇప్పుడు వాయిదాలు నా జీతంలోంచి పోతున్నాయి. మత్తయి 18లో చెప్పినట్టే ముందు ఒంటరిగా మాట్లాడాను, తర్వాత ఇద్దరు పెద్దల్ని తీసుకెళ్లాను. "నేనేం తప్పు చేశాను?" అన్నాడు, అంతే.

ప్రార్థన చేసుకుంటే కొన్నాళ్లు మనసు కుదుటపడుతుంది. ప్రభు బల్ల (సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) రోజున ఆయన ముందు వరసలో కనబడగానే, చేతిలో రొట్టె ఉండగానే ఒళ్లు మండుతుంది.

పదివేల తలాంతుల ఉపమానం నాకు తెలుసు: రాజు అంత పెద్ద అప్పు మాఫీ చేసినా, ఆ దాసుడు తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి క్షమించలేదు. అందులో తోటి దాసుడి బాకీ నూరు దేనారాలు, అంటే నూరు రోజుల కూలి. చిన్న మొత్తమేమీ కాదు, ప్రసంగాల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు! పైగా ఆ తోటి దాసుడు కాళ్ల మీద పడి బతిమాలాడు. లూకా 17:3 మారుమనస్సు పొందితే క్షమించమంటుంది. మార్కు 11:25లో ఆ షరతే లేదు. పాస్టర్‌గారేమో "వదిలేయండి" అంటారు. వదలాల్సింది కోపాన్నా, డబ్బునా?

తప్పు ఒప్పుకోని మనిషిని మనసులో క్షమించి, బాకీ మాత్రం అడుగుతూనే ఉండటం వాక్యప్రకారం సరైనదేనా?