చిన్న అయాసోఫియాలో చర్చి ఆనవాళ్లు?

ప్రశ్న: వచ్చే నెల ఇస్తాంబుల్ వెళ్తున్నాను. రైలు పట్టాల పక్కనున్న చిన్న అయాసోఫియా మసీదు ఒకప్పుడు చర్చి కదా, లోపల ఆ గుర్తులేమైనా మిగిలాయా?

జవాబు: మిగిలాయండి! కింది స్తంభాల మీదుగా చుట్టూ సాగే రాతిపట్టీ చూడండి. బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్, ఆయన భార్య థియోడోరాలను కీర్తించే గ్రీకు పద్యం 6వ శతాబ్దం నుంచి అలాగే ఉంది. 1500 తర్వాత ఒట్టోమన్ అధికారి హుసేన్ ఆగా మసీదుగా మార్చినప్పుడూ దాన్ని చెరపలేదు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను, తనివి తీరలేదు.

ప్రశ్న: ఫొటోల్లో మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గోడ గూడు) పక్కకు తిరిగినట్టుంది. ఎందుకని?

మరొకరు: చర్చి ముఖం తూర్పుకు, మక్కా ఆగ్నేయానికి. అందుకే ఆ వాలు. నమాజు వేళ తప్పించి వెళ్లండి, గోపురపు 16 మడతలు తీరిగ్గా లెక్కపెట్టవచ్చు.